పోసిన ఇసుకకు తాబేలే సాక్షి

మంజీర మీద నిజాంసాగర్ కట్టిన కొత్తలో 29 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టేవి. పూడిక పేరుకుని ఇప్పుడు 18 టీఎంసీల లోపుకు వచ్చింది. బోధన్, కోటగిరి, వర్ని వైపు చెరకు, వరి పండించేవాళ్లకు ఈ నష్టం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ ఇందులో మరో సగం ఉంది. ఆ ఇసుకా ఒండ్రూ ఆనకట్టల వెనక ఆగిపోకుంటే కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసి, వందల మైళ్లు పోయి సముద్రపు ఒడ్డుకు మేత అయ్యేవి. నేను స్థిరపడిన అమెరికాలో ఫ్లోరిడా తీరం చరిత్ర ఈ రెండో సగం గురించే. అక్కడా చెరకు ఉంది. ఒకిచోబీ సరస్సు దక్షిణాన ఉన్న నల్లమట్టి పొలాల్లో, 1960ల మొదట్లో క్యూబా చక్కెరను అమెరికా ఆపేశాక ఆ సాగు విపరీతంగా పెరిగింది. అయితే ఆ రాష్ట్రం నుంచి మనం నేర్చుకోవాల్సింది చెరకు గురించి కాదు. కోతపడిన ఒడ్డు మీద ఇసుక పోయడం డబ్బుంటే ఎవరైనా చేస్తారు. పోసింది నిజంగా ఒడ్డు అయిందా లేదా అని ఏళ్ల తరబడి లెక్కపెట్టి, ఆ లెక్కను బట్టి పని తీరు మార్చుకోవడం ఫ్లోరిడా ఆలస్యంగానైనా నేర్చుకుంది. ఆ లెక్క ఇచ్చేది సముద్రపు తాబేళ్లు.

ఒడ్డు తనంతట తాను పోలేదు. వ్యాపారి హెన్రీ ఫ్లాగ్లర్ వేసిన రైలు 1894లో పామ్ బీచ్‌కూ, 1896లో మయామీకీ చేరింది. దాని వెంట హోటళ్లు, ఇళ్లు ఇసుక దిబ్బల మీదికే వచ్చాయి. పడవల కోసం ఒడ్డును తెగ్గొట్టి ముఖద్వారాలు తవ్వారు. సెయింట్ లూసీ ముఖద్వారం 1892 నాటిది, కనావరల్ రేవుది 1950ల తొలినాళ్లది. ఆ తీరంలో ఇసుక ప్రధానంగా ఉత్తరం నుంచి దక్షిణానికి నడుస్తుంది. ముఖద్వారమూ దాని పక్కన కట్టిన రాతి గట్లూ ఆ నడకను ఆపేస్తే దక్షిణాన ఉన్న ఒడ్డు చిక్కిపోతుంది. అంటే నది మీద ఆనకట్ట చేసిన పనే సముద్రంలో రాతి గట్టు చేసింది. 1976 నుంచి 1981 వరకు మయామీ బీచ్‌లో సుమారు 16 కిలోమీటర్ల మేర ఇసుక పోశారు. అదంతా పర్యాటకుల కోసం, ఆస్తుల కోసం. తాబేలును అప్పటిదాకా ఆ రాష్ట్రం చూసిన చూపు వేరు. కీ వెస్ట్‌లో పచ్చ తాబేలు మాంసంతో సూప్ డబ్బాలు తయారయ్యేవి. 1973లో అంతరించిపోతున్న జీవుల చట్టం వచ్చి, 1978లో పచ్చ తాబేళ్లు వంటివి దాని కిందికి చేరాకే, ఇసుక పోయాలంటే తాబేళ్ల లెక్క చూపాలన్న షరతు అనుమతి పత్రాల్లోకి ఎక్కింది.

ఆ లెక్క ఎలా ఉంటుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం అక్కడే ఉంది. గుడ్లు పెట్టే కాలంలో రోజూ తెల్లవారగానే శిక్షణ పొందినవాళ్లు ఒడ్డంతా నడిచి, రాత్రి ఎక్కిన తాబేళ్ల జాడలు చూస్తారు. గూళ్లతో పాటు, పైకి వచ్చి గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోయిన జాడలనూ రాసుకుంటారు. పోసిన ఇసుక గురించి ఎక్కువ చెప్పేది ఈ రెండో రకం జాడే. ఇసుక పోసిన మొదటి ఏడాది చాలా చోట్ల ఇలాంటి జాడలు పెరిగాయి. సముద్రం అడుగు నుంచి తోడి యంత్రాలతో పరిచిన ఇసుక గట్టిపడి, తాబేలు వెనక కాళ్లకు లొంగదు. అలలు కొట్టినచోట నిలువుగా తెగి గోడలా నిలబడితే తాబేలు దాన్ని ఎక్కలేకపోతుంది. అందుకే గట్టిదనం కొలిచి, అవసరమైతే మూడడుగుల లోతు దున్నాలని, నిలువు కోతలను చదును చేయాలని నియమాలు వచ్చాయి. రంగు కూడా ముఖ్యమే. ముదురు ఇసుక ఎక్కువ వేడెక్కుతుంది. గూటి వేడి 29 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల ఏ వైపుకు ఒరిగితే దాన్ని బట్టి పిల్లలు మగవా ఆడవా అన్నది తేలుతుంది. ఇక దిబ్బ. దాని మీద గడ్డి నాటి నిలబెడితే వెనక ఉన్న ఊరి దీపాలను అది కప్పుతుంది. లేకుంటే గుడ్డు నుంచి వచ్చిన పిల్ల సముద్రమనుకుని రోడ్డు వైపు నడుస్తుంది. ఇవన్నీ సరిచేసుకున్న చోట్ల సాధారణంగా రెండు మూడు కాలాల్లో తాబేళ్లు తిరిగి కుదురుకున్నాయి.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. 1989లో ఎంపిక చేసిన తీరాల్లో ఐదు వందల లోపు ఉన్న పచ్చ తాబేలు గూళ్లు 2017లో దాదాపు 39 వేలు అయ్యాయి; మరి పోసిన ఇసుకతో హాని ఎక్కడ, ఇంత లెక్క ఎందుకు అని అడగవచ్చు. పచ్చ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పాతికేళ్లు, అంతకన్నా ఎక్కువ కూడా పట్టవచ్చు. కాబట్టి నేటి గూళ్ల వెనక వేట ఆగడం, 1987 నుంచి రొయ్యల వలల్లో తాబేలు బయటపడే దారి తప్పనిసరి కావడం, 1991లో తాబేళ్ల శాస్త్రవేత్త ఆర్చీ కార్ పేరిట అభయారణ్యంగా కొంత ఒడ్డును కాపాడటం వంటివి ఉన్నాయి. ఆ పెరుగుదలను ఇసుక ఖాతాలో వేసుకోవడం తప్పు. అలాగని పోసిన ఇసుక పనికిరాదనడమూ తప్పే. పూర్తిగా కోతపడి గూటికి చోటే లేని ఒడ్డుకు అది చోటిచ్చింది, మళ్లీ కొట్టుకుపోయేదాకా. ఈ రెంటికీ తేడా చెప్పగలుగుతున్నది 1989 నుంచి ఏటా ఒకే తీరాల్లో, ఒకే 109 రోజుల్లో, ఒకే పద్ధతిలో సాగిన గణన వల్లనే.

సంపన్న దేశానికి చెల్లుతుంది, మనకెందుకు అనేవాళ్లుంటారు. తాబేలు పేరు చెప్పి మన రొయ్యలను అమెరికా అడ్డుకోవడం, ప్రపంచ వాణిజ్య సంస్థలో భారత్ సహా నాలుగు దేశాలు ఫిర్యాదు చేయడం, 1998లో ఆ ఆంక్షను అమలుచేసిన తీరు వివక్షతో ఉందని తేలడం నాకూ గుర్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ తెల్లవారుజామున ఒడ్డు నడిచి జాడలు రాయడానికి సంపద అక్కర్లేదు. ఖరీదైనది ఇసుక పోయడమే, అదీ మళ్లీ మళ్లీ. కాకినాడ తీరంలో ఉప్పాడ దగ్గర సముద్రం ఊళ్లను తింటోంది, రక్షణ గట్లు కూడా దెబ్బతిన్నాయి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే ఒడ్డూ ఆ చుట్టుపక్కలదే. ఆ కోతకు కారణాలు చాలా, అందులో గోదావరి తెచ్చే మట్టి తగ్గడం ఒకటి. ఆ మట్టి తగ్గే వరుసలో మంజీర ఇసుక రీచ్‌ల దగ్గర లారీలు బారులు తీరే మన బోధన్ వైపూ ఉంది. తవ్విన చోటును నది వానాకాలంలో తిరిగి ఎంత నింపిందో కొలవాలని 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు ఇప్పటికే చెబుతున్నాయి. ఆ కొలతలు ప్రతి ఏటా, రీచ్‌ల వారీగా, ఒడ్డు గ్రామాల పంచాయతీ గోడ మీద కనబడాలని నిజామాబాద్ పాఠకులు అడగాలి.