క్యాష్ కంట్రోలర్ నుంచి కెర్నల్‌కు నాలుగు తీగలు

క్యాష్ మెమరీలో ఒక బిట్ తారుమారైతే లోపాలను దిద్దే ఈసీసీ దాన్ని అక్కడికక్కడే సరిదిద్దుతుంది. రెండు బిట్లు ఒకేసారి చెడితే మాత్రం పసిగట్టగలదే తప్ప బాగుచేయలేదు. ఎలా జరిగినా కంట్రోలర్ ఇంటరప్ట్ లైన్ మీద ప్రాసెసర్‌కు కబురు పెడుతుంది. ఆ లైన్ ఏ నంబరుకు కలిసిందో ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నల్ తనంతట తాను కనిపెట్టలేదు. ఎవరో ఒకరు చెప్పాలి.

చెప్పే పద్ధతికి బీజం సన్ మైక్రోసిస్టమ్స్‌లో పడింది. మిచ్ బ్రాడ్లీ రూపొందించిన ఓపెన్‌బూట్, యంత్రంలోని భాగాలన్నిటినీ ఒక చెట్టు రూపంలో పేర్చి ఆపరేటింగ్ సిస్టమ్‌కు అందించేది. 1994లో అది ఐఈఈఈ 1275 ప్రమాణమైంది. 2005 ప్రాంతంలో పవర్‌పీసీ లినక్స్ బృందం ఆ చెట్టును ఒక చిన్న ఫైలుగా కుదించింది. డివైస్ ట్రీ అని పిలిచే ఆ చెట్టు ఈనాటి రూపం దాల్చింది అప్పుడే.

అప్పట్లో ఆర్మ్ ప్రపంచం దారి వేరుగా ఉండేది. అక్కడ ఒక్కో చిప్ కుటుంబానికి కెర్నల్‌లోనే ఒక్కో ఫోల్డర్, అందులో ఇంటరప్ట్ నంబర్లతో నిండిన హెడర్ ఫైలు. కొత్త బోర్డు వచ్చిందంటే కొత్త సీ కోడ్ రాయాల్సి వచ్చేది. 2011 వసంతంలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ గందరగోళంపై బాహాటంగానే మండిపడ్డారు. ఆర్మ్ డివైస్ ట్రీ వైపు వేగంగా కదిలింది ఆ తర్వాతే.

ఆర్మ్ వారి పీఎల్310 క్యాష్ కంట్రోలర్ వివరణ కూడా ఆ ఏడాదే కెర్నల్ పత్రాల్లో చేరింది. ఆ కంట్రోలర్‌కు ఒక్కో రకం ఘటనకు ఒక్కో లైన్ చొప్పున తొమ్మిది ఉన్నాయి, అన్నిటినీ కలిపిన ఉమ్మడి లైన్ ఒకటి ఉంది. పత్రం ఉమ్మడి లైన్‌ను మాత్రమే అడిగింది. సర్వర్ చిప్‌లు చేసిన కాల్‌జెడాకు అది చాలలేదు. వారి హైబ్యాంక్‌లో పీఎల్310కి 70వ లైన్ ఉండగా, ఈసీసీకి వేరే నోడ్‌లో 71, 72 ఇచ్చారు: మొదటిది సరిదిద్దిన లోపానికి, రెండోది సరిదిద్దలేని లోపానికి. ఏది దేనిదన్నది తెలిసేది వరుసను బట్టే. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

2019లో సైఫైవ్ తన ఎఫ్‌యూ540 రిస్క్-ఫైవ్ చిప్ ఎల్2 క్యాష్‌కు మూడు ఇంటరప్ట్‌లు ప్రకటించింది: డిర్‌ఎర్రర్, డేటాఎర్రర్, డేటాఫెయిల్. 'డిర్' అంటే క్యాష్ డైరెక్టరీ; 'ఎర్రర్' అంటే దిద్దేశామని, 'ఫెయిల్' అంటే చేయి దాటిపోయిందని. తర్వాత వచ్చిన ఎఫ్‌యూ740లో డిర్‌ఫెయిల్ అదనంగా చేరింది. పాత చిప్‌తో పొత్తు చెడకూడదని పత్రంలో దాన్ని చివర, నాలుగో స్థానంలో పెట్టారు. చిప్ మాన్యువల్‌లో మాత్రం డిర్‌ఎర్రర్ 19, డిర్‌ఫెయిల్ 20, డేటాఎర్రర్ 21, డేటాఫెయిల్ 22.

హైఫైవ్ అన్‌మ్యాచ్డ్ బోర్డుతో వచ్చిన ఆ చిప్ డివైస్ ట్రీలో నంబర్లను 19, 20, 21, 22 అని వరుసగా రాసేశారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. ఫలితం? దిద్దేసిన డేటా లోపం గురించి కబురు వస్తే, కెర్నల్ దాన్ని దిద్దలేని లోపంగా తీసుకుంటుంది. అంతటితో ఆగదు. ఆ ఇంటరప్ట్ శాంతించాలంటే దానికి సంబంధించిన రిజిస్టర్‌నే చదవాలి. డ్రైవర్ చదివేదేమో మరొకటి. 2021లో ఆ పంక్తిని 19, 21, 22, 20గా దిద్దారు.

అప్పటికే వివరణ పత్రాలు వైఎఎంఎల్ స్కీమాలుగా మారుతున్నాయి, డివైస్ ట్రీలను యంత్రమే తనిఖీ చేస్తోంది. కానీ ఆ తనిఖీ ఎన్ని నంబర్లున్నాయో లెక్కపెడుతుంది తప్ప, 20 డిర్‌ఫెయిల్‌దా డేటాఎర్రర్‌దా అని మాన్యువల్ తెరిచి చూడదు. ప్రతి లైన్‌కూ పేరు తగిలించే 'ఇంటరప్ట్-నేమ్స్' అనే సదుపాయం డివైస్ ట్రీలో ఉంది. క్యాష్ లోపాల్లాంటి అరుదైన, కానీ ప్రాణాంతకమైన సంకేతాలకు దాన్ని వాడి ఉండాల్సింది. సైఫైవ్ పత్రం వరుసనే నమ్ముకుంది. అదే క్యాష్‌ను వాడిన స్టార్‌ఫైవ్ జేహెచ్7110 డివైస్ ట్రీలోనూ నంబర్లు 1, 3, 4, 2 అనే ఉంటాయి.