విప్పిన చక్రం బిగించే విద్య - స్కూటరు వెనుక చక్రం కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్యాసం వ్రాసి పంపవలసిందిగా మన సంఘం సంపాదకవర్గం వారు కోరారు. ఉద్యోగ విరమణ చేసిన మనం సాధారణంగా పెన్షను లెక్కల గురించో, కరువు భత్యం బకాయిల గురించో, చేసి వచ్చిన తీర్థయాత్రల గురించో వ్రాస్తూ ఉంటాం. నేను స్కూటరు వెనుక చక్రం గురించి వ్రాయదలచాను. ఇదీ ఒక చరిత్రేనా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కాని మన తరం గుమాస్తాలు, ఉపాధ్యాయులు, ఇన్‌స్పెక్టర్లు సైకిలు దిగి స్కూటరు ఎక్కడం మన కుటుంబాల చరిత్రలో పెద్ద మార్పు. ఆ మార్పుకు ఆధారం, ఎవరైనా ఇంటి వాకిట్లో విప్పి బిగించుకోగలిగిన ఆ చిన్న చక్రమే. పైగా మనలో పలువురి ఇళ్ళలో ఆ పాత బండ్లు ఇంకా ఉన్నాయి. మనుమలు వాటిని ముచ్చటపడి తుడిచి నడుపుతున్నారు. కనుక ఇందులో చరిత్రతోపాటు ప్రాణరక్షణ విషయం కూడా ఉన్నది.

విమానం నుంచి వచ్చిన చక్రం

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఇటలీలోని పియాజియో కంపెనీ విమానాలు తయారుచేసేది. పాంటెడెరా ఊళ్ళోని వారి కర్మాగారం బాంబు దాడులలో దెబ్బతిన్నది. యుద్ధం ముగిశాక విమానాలకు గిరాకీ లేదు. జనానికి మాత్రం చవకగా తిరిగే వాహనం కావాలి. యజమాని ఎన్రికో పియాజియో ఆ పనిని కొర్రాదీనో దాస్కానియో అనే ఇంజనీరుకు అప్పగించాడు. ఈయన హెలికాప్టర్ల మీద పనిచేసినవాడు. మోటారు సైకిలంటే ఆయనకు గిట్టదు. గొలుసు నూనె బట్టలకు అంటుతుంది, ఎక్కడానికి కాలు ఎత్తి వేయాలి, పంక్చరైతే చక్రం ఊడదీయడం ఒక యజ్ఞం. ఇవి ఆయన చూసిన లోపాలు.

అందుచేత ఆయన గొలుసు తీసేసి ఇంజనును చక్రం ప్రక్కనే పెట్టాడు. కాళ్ళు పెట్టుకునే చోటు ఖాళీగా వదిలాడు. అన్నిటికంటె ముఖ్యంగా, విమానం దిగేటప్పుడు నేలకు ఆనే చక్రం ఒక ప్రక్కనుంచే పట్టి ఉన్నట్లు, ఈ బండి చక్రాలను కూడా ఒక ప్రక్కనే నిలబెట్టాడు. రెండవ ప్రక్క ఖాళీ కనుక నాలుగైదు నట్లు విప్పితే చక్రం చేతిలోకి వస్తుంది. 1946 ఏప్రిల్ 23న దీనికి పేటెంటు దరఖాస్తు పెట్టారు. బండికి వెస్పా అని పేరు. ఇటాలియన్ భాషలో కందిరీగ అని అర్థం. మరుసటి సంవత్సరం, 1947లో మిలాన్‌లోని ఇన్నోసెంటి కంపెనీ లాంబ్రెట్టాను తెచ్చింది.

ఇటలీ ఆడవారి గౌన్లకు అనువుగా ఉన్న ఆ ఖాళీ చోటే మన పంచెకట్టుకూ, చీరకట్టుకూ అంతే అనువైంది. ముందు పిల్లవాడు నిలబడితే, వెనుక ఇల్లాలు ఒడిలో చంటిబిడ్డతో కూర్చుంటే నలుగురి కుటుంబం ఒక బండి మీద సాగేది. అది భద్రమైన ప్రయాణమని నేను అనను. ఆ రోజులు అలా ఉండేవని మాత్రమే చెప్తున్నాను.

మన దేశంలో ఎదురుచూపులు

బజాజ్ వారు 1948 నుంచి విదేశపు స్కూటర్లు తెప్పించి అమ్మారు. తరువాత పియాజియో అనుమతితో పూనా దగ్గర ఆకుర్డిలో ఇక్కడే తయారీ మొదలుపెట్టారు. 1971లో ఆ ఒప్పందం ముగిసింది. 1972లో రాణా ప్రతాప్ గుర్రం పేరుతో చేతక్ వచ్చింది, 1976లో సూపర్ వచ్చింది. బొంబాయిలో ఆటోమొబైల్ ప్రొడక్ట్స్ వారు లాంబ్రెట్టాలు బిగించేవారు. 1972లో ఏర్పడిన ప్రభుత్వ రంగ సంస్థ స్కూటర్స్ ఇండియా, ఇన్నోసెంటి వారి యంత్రాలను కొని లక్నోకు తెచ్చి విజయ్ సూపర్ తయారుచేసింది. మన రాష్ట్రంలో ఆల్విన్ పుష్పక్ తయారైంది.

ఇన్ని పేర్లు ఉన్నా బండి దొరికేది కాదు. ఎన్ని తయారుచేయాలో లైసెన్సు చెప్పేది, ఎవరికి ముందు ఇవ్వాలో కోటా చెప్పేది. కొందరు పదేళ్ళ దాకా వేచి ఉన్నారు. విదేశాలలో ఉన్న బంధువు డాలర్లు కడితే తొందరగా వచ్చేది. వరుస వచ్చినవారు బండి తీసుకుని, వెంటనే ఎక్కువ ధరకు అమ్ముకున్న సంగతులూ మనకు తెలుసు. బజాజ్ స్కూటరు కట్నం మాటలలోకి కూడా ఎక్కింది.

నేను 1974లో ఉద్యోగంలో చేరాను. నా చేతికి బండి వచ్చేసరికి 1983. ఆఫీసులో వాహన అడ్వాన్సు మంజూరై, జీతంలో నెలనెలా కోత పడుతూ తీరింది. అంతకాలం ఎదురుచూసి, అప్పు చేసి తెచ్చుకున్న బండిని ఎవరు పాడుచేసుకుంటారు? అందుకే ఆదివారం ఉదయం ప్రతి ఉద్యోగుల కాలనీలోను అదే దృశ్యం. ప్లగ్గు తీసి గరుకు కాగితంతో రుద్దేవారు ఒకరు, సైలెన్సరులో మసి తీసేవారు ఒకరు, చక్రం విప్పి బ్రేకు షూలు శుభ్రం చేసేవారు మరొకరు. ఇంటి మరమ్మతు అనే అలవాటు సరదాగా పుట్టలేదు. అవసరమే దాన్ని నేర్పింది.

మన చీరాల సంగతి

చీరాలకు ఈ విషయంలో ఒక ప్రత్యేకత ఉన్నది. పేరాల, జాండ్రపేట, వేటపాలెం, ఈపూరుపాలెం అంతా మగ్గాల సీమ. ఇక్కడి స్కూటరు మనిషిని మాత్రమే మోయలేదు. ముందు చోటులో నూలు కట్టలు, వెనుక సీటు మీద చీరల మూటలు మోసింది. ఆ బరువులో ఎక్కువ భాగం వెనుక చక్రం మీదే. దానికి తోడు ఓడరేవు వైపు నుంచి వీచే ఉప్పుగాలి. ఆ గాలికి నట్లు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. తుప్పు పట్టిన నట్టు గట్టిగా ఉన్నట్లే కనిపిస్తుంది కాని, అది నిజమైన బిగింపు కాదు. ఒక సౌకర్యం మాత్రం మనకు ఉండేది. చేతులు తుడుచుకునేందుకు మగ్గాల దగ్గర మిగిలే నూలు పీచుకు ఈ ఊళ్ళో ఎన్నడూ కొదవ లేదు.

అదనపు చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం. ఈ మాట బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతం నుంచి వచ్చింది. అక్కడ లనెల్లి అనే ఊళ్ళో స్టెప్నీ వీధిలో డేవిస్ సోదరులు 1904లో మోటారు కార్లకు అదనపు చక్రం తయారుచేశారు. ఆ వీధి పేరు వారి దేశంలో చాలావరకు మరుగున పడినా, మన మెకానిక్కుల నోట నిలిచిపోయింది. స్కూటరులో ముందు చక్రం, వెనుక చక్రం, స్టెప్నీ మూడూ ఒకటే కొలత. దేని చోట దేన్నయినా బిగించవచ్చు.

బిగించే క్రమం

చక్రం విప్పడం ఎవరైనా చేస్తారు. దాస్కానియోగారి పుణ్యమా అని అది పది నిమిషాల పని. తిరిగి బిగించడంలోనే విద్య ఉన్నది. బజాజ్, వెస్పా తరహా బండ్లకు నాకు అనుభవంలో తెలిసిన క్రమాన్ని ఇక్కడ చెప్తాను. ఎవరి బండి పుస్తకం వారి దగ్గర ఉంటే దానికే మొదటి గౌరవం ఇవ్వాలి.

మొదట గుర్తించవలసింది, చక్రం మీద రెండు వరుసల నట్లు ఉంటాయి. లోపలి వరుస చక్రాన్ని బ్రేకు డ్రమ్ముకు పట్టి ఉంచుతుంది. బయటి వరుస రిమ్ము రెండు సగాలను కలిపి ఉంచుతుంది. చక్రం తీయడానికి లోపలి వరుసే విప్పాలి. టైరులో గాలి ఉండగా బయటి వరుస విప్పితే రిమ్ము సగాలు ఎగిరి ముఖాన కొడతాయి. ట్యూబు మార్చవలసి వస్తే గాలి పూర్తిగా తీసిన తరువాతే ఆ నట్లు ముట్టుకోవాలి. బండిని వంచే ముందు పెట్రోలు ట్యాపు కట్టాలి.

బ్రేకు శుభ్రం చేయడానికి డ్రమ్ము కూడా తీస్తాం. పాత బ్రేకు షూలలో ఆస్‌బెస్టాస్ ఉండేది కనుక ఆ పొడిని నోటితో ఊదరాదు, తడి గుడ్డతో తుడవాలి. డ్రమ్ము ఇరుసు పళ్ళ మీద కూర్చుంటుంది. ఆ పళ్ళను శుభ్రంగా తుడిచి పలుచగా గ్రీజు రాయాలి. ఆ గ్రీజు బ్రేకు షూలకు అంటకూడదు.

తరువాత నడిమి పెద్ద నట్టు. ఇది డ్రమ్మును ఇరుసుకు పట్టి ఉంచేది, అన్నిటిలోకీ ముఖ్యమైనది. దీన్ని ముందు చేతితో ఎక్కించి, చక్రం తగిలించి, బండిని నేల మీదకు దించిన తరువాతే పూర్తిగా బిగించాలి. ఒకరు వెనుక బ్రేకు గట్టిగా తొక్కి ఉంచాలి. మా ఇంట్లో ఆ పని మా అబ్బాయిది. ఎంత బిగించాలి అంటే, పి.ఎక్స్. తరగతి వెస్పాలకు చెప్పే లెక్క సుమారు 9 నుంచి 11 కిలోగ్రాము మీటర్లు. అంటే మీటరు పొడవు గొట్టం చివర పది కిలోల బియ్యం సంచి వేలాడదీసినంత. చిన్న పానాతో మణికట్టు బలం మీద బిగిస్తే చాలదు.

నట్టు బిగిశాక పిన్ను పెట్టాలి. రంధ్రం ఎదురుగా రాకపోతే నట్టును వెనక్కు వదులు చేయరాదు, కొద్దిగా ముందుకే తిప్పాలి. నట్టు మీద గాడుల టోపీ ఉన్న బండ్లలో ఆ టోపీని మార్చి పెట్టి చూస్తే రంధ్రం కుదురుతుంది. పిన్ను ప్రతిసారీ క్రొత్తది వేయాలి. ఒకసారి వంచి తిన్నగా చేసిన పిన్ను రెండవసారి వంచితే విరుగుతుంది.

చక్రపు నట్ల సంగతి చివరిది. రిమ్ము, డ్రమ్ము ఆనుకునే చోట తుప్పు పొరలు, మట్టి లేకుండా తుడవాలి. లేకపోతే ఆ పొర నలిగిపోయి నట్లు వదులవుతాయి. అన్ని నట్లూ ముందు చేతితో ఎక్కించి, తరువాత వరుసగా కాకుండా ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అప్పుడే చక్రం సమంగా కూర్చుంటుంది. స్ప్రింగు వాషర్లు మరువరాదు. పిమ్మట చక్రం తిప్పి చూసి, బ్రేకు సరిచేసి, వీధిలో మెల్లగా ఒక చుట్టు తిరిగి, మరునాడు నట్లను మళ్ళీ పానాతో పరీక్షించాలి.

ఒక రూపాయి పిన్ను

ఇదంతా చాదస్తం అనుకునేవారి కోసం నేను కళ్ళారా చూసిన సంగతి ఒకటి చెప్తాను. మా ఆఫీసులో ఒక మిత్రుడు బయట ఎక్కడో బ్రేకులు వేయించుకుని, రెండు వారాల తరువాత భార్యతో ఈపూరుపాలెం వైపు వెళుతున్నాడు. గేరు వేసినప్పుడూ, బ్రేకు తొక్కినప్పుడూ వెనుకనుంచి టక్కుమని చప్పుడు వస్తున్నదని మొదట గమనించింది ఆమె. ఆయన పట్టించుకోకపోతే ఆమె బండి ఆపించి దిగిపోయింది. నేను వెనుకనే సైకిలు మీద వస్తున్నాను. నడిమి మూత తీసి చూస్తే పిన్ను స్థానంలో మేకు ముక్క. అది విరిగిపోయి ఉన్నది. నట్టు చేతితో తిరుగుతున్నది. డ్రమ్ము పళ్ళు, ఇరుసు పళ్ళు రెండూ అరిగిపోయాయి. ఇంకొక మైలు పోతే చక్రం వేరు, బండి వేరు. వెనుక లారీలు వస్తున్న రోడ్డు అది. ఇరుసు మార్చడానికి ఇంజను విప్పవలసి వచ్చింది, ఖర్చు చాలా అయింది. అయినా అది ప్రాణాల కంటె ఎక్కువ కాదు. ఒక రూపాయి పిన్నుకు బదులు మేకు పెట్టినవారికి బండి నడపడం తెలుసు, బిగించడం కూడా తెలుసు. దాని మీద ఇద్దరు మనుషులు కూర్చుంటారన్న సంగతి మాత్రం ఆ క్షణాన గుర్తు లేదు.

మారిన కాలం

1984లో గేర్లు లేని కైనెటిక్ హోండా, 1985లో హీరో హోండా మోటారు సైకిలు వచ్చాయి. మన ఇళ్ళలో పిల్లలు వాటివైపు మొగ్గారు. 2001లో యాక్టివా వచ్చింది. 2009 చివర బజాజ్ వారు స్కూటర్ల తయారీ విరమిస్తున్నట్లు ప్రకటించారు. చేతక్ పేరు 2020లో విద్యుత్ బండిగా తిరిగి వచ్చింది. 2021లో కేంద్ర ప్రభుత్వం స్కూటర్స్ ఇండియా మూసివేతకు నిర్ణయించింది. ఇప్పటి బండ్లకు సాధారణంగా స్టెప్నీ ఉండదు. ట్యూబు లేని టైర్లు వచ్చాయి. అనేక బండ్లకు వెనుక చక్రం తీయాలంటే ముందు సైలెన్సరు తీయాలి. వాటిని ఇంట్లో విప్పనవసరం లేకుండా పోయింది. ఇది మంచికే. కాని తాను నడిపే బండిని తానే విప్పి చూసి, దాని బాగోగులు తెలుసుకునే అలవాటు మన తరంతో తగ్గిపోయింది.

సభ్యులకు నా మనవి రెండే మాటలు. ఇంట్లో పాత స్కూటరు ఉన్నవారు దాని రిజిస్ట్రేషను గడువుతోపాటు నడిమి నట్టు, పిన్ను కూడా ఒకసారి చూడండి. మనుమడు బండి అడిగితే తాళంచెవి ఇచ్చే ముందు, ఒక ఆదివారం అతనిని ప్రక్కన కూర్చోబెట్టుకుని చక్రం విప్పించి, అతని చేతనే బిగింపించండి. మోకాళ్ళు వంగని వయస్సు మనది. అయినా కుర్చీ వేసుకుని కూర్చుని "పిన్ను క్రొత్తది వేశావా, నాయనా?" అని అడగడానికి ఏ వయస్సూ అడ్డు కాదు.