శత్రువు బిడ్డకు పాలు



మొన్నీమధ్య పరదేశపు పిల్లల కోసం ప్రత్యేక కానుక పట్టాం. ఆరాధన అయ్యాక సంఘంలో ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, మన వీధిలో పిల్లలకే పుస్తకాలు లేవు. ఎక్కడివాళ్లకో పంపడం దేనికండీ?" అన్నారు. తప్పు ప్రశ్నేమీ కాదు. నూరేళ్ల కిందట లండనులోనూ ఇదే అడిగారు, ఇంకా కోపంగా.

1918 నవంబరు 11న మొదటి ప్రపంచ యుద్ధం ఆగింది. కానీ శత్రుదేశాల చుట్టూ బ్రిటన్, దాని మిత్రదేశాలు సముద్రం మీద వేసిన దిగ్బంధం వెంటనే తీయలేదు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో పిల్లలకు పాలు లేవు, చలి కాచుకోవడానికి బొగ్గు లేదు. ఎముకలు మెత్తబడి కాళ్లు వంకర్లు పోయాయి. క్షయ ముదిరింది.

ఎగ్లంటైన్ జెబ్ అనే ఇంగ్లిష్ స్త్రీ దీన్ని చూసి ఊరుకోలేకపోయింది. ఆమెకు పెళ్లి కాలేదు, పిల్లల్లేరు. కొంతకాలం బడిలో పాఠాలు చెప్పి, ఆ పని తనకు సరిపడదని మానేసిన మనిషి! (దేవుడు ఎవరిని వాడుకుంటాడో మనం ముందే చెప్పలేం.) 1919లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఆకలితో చిక్కిపోయిన ఆస్ట్రియా బిడ్డ ఫోటో ఉన్న కరపత్రాలు పంచింది. సెన్సారు అనుమతి లేదని అరెస్టు చేశారు. కోర్టు 5 పౌండ్లు జరిమానా వేసింది. ఆమెకు వ్యతిరేకంగా వాదించిన ప్రభుత్వ న్యాయవాదే తర్వాత ఆ 5 పౌండ్లు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పిల్లల నిధిలో వేసింది.

అదే మే 19న రాయల్ ఆల్బర్ట్ హాలులో సభ పెట్టి, చెల్లెలు డొరొతీ బక్స్టన్‌తో కలిసి 'సేవ్ ద చిల్డ్రన్' నిధిని ప్రారంభించింది. వచ్చినవాళ్లందరూ దయతో రాలేదు. కొందరు విసరడానికి కుళ్లిన పండ్లు తెచ్చుకున్నారట. వాళ్లనీ నేను తేలిగ్గా తీసిపారేయలేను. కొడుకును యుద్ధంలో పోగొట్టుకున్న తల్లిని శత్రువు బిడ్డకు పాలు పోయమంటే ఎలా ఉంటుంది? రోమా 12వ అధ్యాయం చదవడం తేలిక.

ఆ ఏడాది డిసెంబరు 28న, హేరోదు చంపించిన బేత్లెహేము పసివాళ్లను స్మరించే రోజున, లోకమంతటా ఉన్న కాథలిక్ గుడుల్లో ఈ పిల్లల కోసం కానుక పట్టమని పోపు 15వ బెనెడిక్ట్ చెప్పారు. నిధి మొదలుపెట్టింది ప్రొటెస్టెంటు కుటుంబపు ఆడబిడ్డలు. అయినా ఆయన లెక్కచేయలేదు. 1921లో రష్యాలో కరువు వచ్చినప్పుడు అదే నిధి వోల్గా నది ఒడ్డున సరాతోవ్ ప్రాంతంలో పిల్లలకు అన్నం పెట్టింది. అప్పుడూ ఇంగ్లండులో "ముందు మన పిల్లలు" అన్నవాళ్లున్నారు.

1923లో జెబ్ బాలల హక్కుల ప్రకటన రాసింది. జాతి, దేశం, మతం చూడకుండా, ఆపదలో మొదటి సాయం బిడ్డకే అందాలన్నది. మరుసటి ఏడాది నానాజాతి సమితి దాన్ని ఆమోదించింది. 1928లో ఆమె జెనీవాలో కన్నుమూసింది, 52 ఏళ్లకే.

పెద్దాయనకు ఆ రోజు ఇదంతా చెప్పలేకపోయాను. వచ్చే ఆదివారం చెబుతాను. వీధిలో పిల్లల పుస్తకాల లెక్క కూడా ఆయనతోనే కూర్చుని రాయాలి.