రాయబారి వాక్కు – తిక్కన దౌత్యకథా విమర్శ

నెల్లూరుసీమలో బోగోలు మండలమునకు చేరిన జువ్వలదిన్నె సముద్రతీరగ్రామము. దూరమున నున్నవానితో పలుకునప్పుడు శిరఃస్థానమునుండియు, నాతిదూరమున నున్నవానితో కంఠస్థానమునుండియు, చేరువవానితో ఉరఃస్థానమునుండియు స్వరము వెలువడవలెనని నాట్యశాస్త్రము విధించుచున్నది. అలలహోరులో పడవమీదివానిని కేకవేయు జాలరి శాస్త్రము చదువకయే ఈ విధిని పాటించును. గాలికి మాట చెదరినచో చేయెత్తి సంజ్ఞ చేయును. వాచికాంగికములు రెండును ఎదుటివానిని చేరుటకే పుట్టినవని దీనివలన తెలియనగును. సభలో వీనిని ఉచితముగా ప్రయోగించి మనస్సులను లోబరుచుకొనువానినే వాగ్మి యందుము. ఈ సీమకు చెందిన యొక దౌత్యకథను ఈ దృష్టితో పరిశీలింతము.

నెల్లూరి ప్రభువగు మనుమసిద్ధిని అక్కన, బయ్యన అనువారు రాజ్యభ్రష్టుని చేయగా, తిక్కన సోమయాజి ఓరుగల్లునకు పోయి, కాకతీయ గణపతిదేవుని సభలో భారతకథను వినిపించి, ఆతని సాహాయ్యమును సంపాదించి, తన ప్రభువును మరల సింహాసనమున నిలిపెనని కథ. దీనిని కాసె సర్వప్ప సిద్ధేశ్వరచరిత్రమును, కూచిమంచి జగ్గకవి సోమదేవరాజీయమును చెప్పుచున్నవి. ఈ రెండు గ్రంథములును తిక్కనకు శతాబ్దముల తరువాతివి గావున, సభలో జరిగిన సంభాషణకు వీనిని సాక్ష్యముగా గ్రహింపరాదు. అయినను కథ నిలిచిన రంగము కల్పితము కాదు. గణపతిదేవుడు క్రీ. శ. 1199 మొదలు 1262 వరకు పాలించెను. ఆతని గజసాహిణియగు జాయపసేనాని క్రీ. శ. 1253-54 ప్రాంతమున నృత్తరత్నావళిని రచించెను. శిరోహస్తపాదాదుల చలనములను వేర్వేరుగా లక్షణించి పేళ్లుపెట్టిన గ్రంథమది. రచయిత సేనానాయకుడు. అట్టివారు కూర్చుండు కొలువునకు పోయిన రాయబారి నిలుకడయు, చూపును, హస్తమును రసజ్ఞుల కన్నులబడకుండునా?

ఇక తిక్కన ఆంధ్రీకరించిన ఉద్యోగపర్వమే దౌత్యమునకు పాఠ్యగ్రంథము. అందు రాయబారములు మూడు. ద్రుపదపురోహితుడు పలికినది సత్యమే. కాని మిక్కిలి తీక్ష్ణముగా పలికెనని మూలమున భీష్ముడే ఎత్తిచూపును. సంజయుని మాట మృదువు. కాని పాండవులకు ఈయదగినదేదియు అందు లేదు. మూడవది శ్రీకృష్ణునిది. వ్యాసుని వర్ణన మిట గమనింపదగును: రాజులందరు ఆసీనులై నిశ్శబ్దులైన పిదపనే కృష్ణుడు మాటాడ మొదలిడెను, ధృతరాష్ట్రుని వంక చూచుచు, గ్రీష్మాంతమేఘమువలె సభయంతయు వినునట్లు పలికెను. మౌనమునకు వేచియుండుట, చూపును ఒకని యందు నిలుపుట, స్వరమును అందరికి అందించుట అను మూడును ఇందు కలవు. అంతకుముందే ద్రౌపది తన కేశపాశమును ఎడమచేత పట్టి కృష్ణునకు చూపును. ఆ యొక్క హస్తచేష్ట ఎన్నియో వాక్యములు చేయలేని పనిని చేసినది.

రాయబారికి పలుకనేర్చిన చాలదు, చూడను నేర్వవలెను. శత్రురాజు పలుకునందు, మొగమునందు, కన్నులయందు ప్రసన్నత గలదో లేదో కనిపెట్టుమని కౌటిల్యుడు దూతకు విధించెను. అనగా ఆకర్షణశక్తికి మూలము ఎదుటివానియందలి శ్రద్ధయే కాని ఆర్భాటము కాదు.

అయినను శ్రీకృష్ణుని రాయబారము ఫలింపలేదు. తిక్కన రాయబారము ఫలించినదని కథ. స్వరమెంత గంభీరమైనను దుర్యోధనుని చెవి మూసికొనియే యున్నది. గణపతిదేవుడు వినగోరినవాడు. వక్తృత్వమునకు గల బలమును, హద్దును ఈ రెండు కథలును కలిపి చదివినప్పుడే తేటపడును.

పండితులకు నాదొక విన్నపము. ఉచ్చము, దీప్తము, మంద్రము, నీచము, ద్రుతము, విలంబితము అని భరతుడు పాఠ్యమునకు ఆరు అలంకారములను చెప్పెను. మన పాఠశాలలలో తిక్కన పద్యము తరచుగా ఒకే శ్రుతిలో, ఒకే వేగమున చదువబడి, వెంటనే ప్రతిపదార్థమునకు అప్పగింపబడుచున్నది. ద్రౌపది వేదనయు, సంజయుని సంకోచమును ఒకే గొంతున వినిన బాలునకు ఆ పాత్రలు వేరని ఎట్లు తోచును? తిక్కన పద్యములందలి విరుపులు పలుకుటకు ఏర్పడినవి. అర్థము చెప్పుటకు ముందు, ఎవరు ఎవరితో ఎంత దూరమున నిలిచి పలుకుచున్నారో విచారించి పద్యమును చదివినచో, సగము అర్థము టీక లేకయే బోధపడును.