పాత్రశుద్ధి: కన్నౌజు అత్తరు బట్టీల చరిత్ర

పరిమళద్రవ్యాల చరిత్రను వ్రాసినవారు పూవును గురించి వ్రాశారు. ఆ పరిమళాన్ని పూసుకొన్న రాజులను, రాణులను గురించి ఇంకను విపులంగా వ్రాశారు. పూవుకూ రాణికీ నడుమ ఒక రాగిపాత్ర ఉన్నది. దానిని దినదినమూ తోమి, కడిగి, అతుకులు పూడ్చి, మరునాటికి సిద్ధంచేసే పనివాని ప్రసక్తి గ్రంథాలలో అరుదు. అయినను అత్తరు మంచిచెడ్డలు చాలవరకు అతని పనిమీదనే ఆధారపడి ఉన్నవి.

ఈ విద్య మన ఉపఖండంలో ఎంత ప్రాచీనమైనదో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. తక్షశిల త్రవ్వకాలలో సర్ జాన్ మార్షల్‌కు దొరికిన మట్టిపాత్రలను కూర్చి చూస్తే బట్టీ ఆకారం ఏర్పడుతున్నది. పుష్కలావతి సమీపాన షైఖాన్ ఢేరీలో బయటపడిన పాత్రలను పరిశీలించి, బట్టీపట్టే విద్యకు భారతదేశమే పుట్టినిల్లు కావచ్చునని 1979లో ఆల్చిన్ వాదించాడు. ఆ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. రసవాద గ్రంథాల సాక్ష్యం ఇంతకంటె స్పష్టమైనది. రసరత్నసముచ్చయం వర్ణించిన తిర్యక్పాతన యంత్రంలో రెండు కుండలను ఏటవాలుగా ఒక గొట్టంతో కలుపుతారు; సంధులను మట్టితో పూడ్చి, ఒకదానిక్రింద మంట పెట్టి, రెండవదానిని చన్నీటితో చల్లబరుస్తారు. సంధి విడితే ఆవిరి పోతుంది, శ్రమ వృథా అవుతుంది.

లోహపాత్రలను శుభ్రపరచే పద్ధతి ఇంకను పాతది. రాగి, ఇనుము, కంచు మొదలైన లోహాలకు తగినట్లుగా క్షారంతోను, ఆమ్లంతోను, నీటితోను శుద్ధి చేయవలెనని మనుస్మృతి పంచమాధ్యాయం విధించింది. అది ధర్మశాస్త్రం చెప్పిన శౌచం. కాని ఆ విధికి లోహస్వభావం తెలిసిన వారి అనుభవం ఆధారమై ఉండవలె. బూడిదలోని క్షారం జిడ్డును విడదీస్తుంది. చింతపండు పులుపు రాగిమీది చిలుమును కరగిస్తుంది. తెలుగు ఇల్లాలు పూజకు ముందు రాగిచెంబును చింతపండుతో తోమేటప్పుడు ఈ రసాయనశాస్త్రమే ఆమె చేతిలో పనిచేస్తున్నది.

అక్బరు ఆస్థానంలోని సుగంధద్రవ్య విభాగాన్ని వర్ణిస్తూ అబుల్ ఫజల్, అగరుచెక్కనుండి చువా అనే తైలం తీసే విధానాన్ని ఐనె అక్బరీలో పొందుపరచాడు. మెత్తని మట్టిలో దూదినో వరితవుడునో కలిపి బాగా మెదిపి, చిన్న సీసాకు పూసి ఆరబెట్టవలె. అందులో అగరుముక్కలు నింపి, బోర్లించి, పిడకల సెగ తగిలించవలె. మంట పైకి లేస్తే మట్టితో అణచవలె. స్రవించిన తైలాన్ని నీటితోను, పన్నీటితోను పలుమార్లు కడిగితే పొగవాసన తొలగుతుంది. ఎంత కడిగితే అంత శ్రేష్ఠమని ఆయన వ్రాశాడు. మట్టీ దూదీ కలిపిన ఆ పూతకు చుట్టమైన పూతనే నేటికీ కన్నౌజు పనివారు తమ బట్టీల అతుకులకు వాడుతున్నారు.

జహాంగీరు తన స్వీయచరిత్రలో మరొక వృత్తాంతం చెప్పాడు. నూర్జహాను తల్లి పన్నీరు తీయించుచుండగా, వేడి పన్నీటిని పోసిన పళ్లెములపై తెట్టు కట్టినది. ఆమె దానిని కొంచెం కొంచెంగా సేకరించినది. అది గులాబీ అత్తరు. సలీమా సుల్తాన్ బేగం దానికి జహాంగీరు పేరనే నామకరణం చేసినది. పళ్లెములు కడిగేవారు ఆ తెట్టును మురికి అనుకొని తుడిచివేయడానికి అవకాశం ఉండినది. శుద్ధి చేసేవానికి తొలగించవలసినదేదో, నిలుపుకోవలసినదేదో తెలిసి ఉండవలె.

ఈ విచక్షణ ఏమిటో కన్నౌజు బట్టీలో స్పష్టపడుతుంది. ఒకనాడు హర్షుని రాజధాని అయిన ఈ నగరంలో ఇటుకపొయ్యిపై దేగు అనే రాగిపాత్ర ఉంటుంది. మన డేగిసా ఈ మాటకు బంధువే. పూలు, నీరు పోసి, మూతపెట్టి, అంచును మట్టీ దూదీ కలిపిన ముద్దతో పూడుస్తారు. తాడు చుట్టిన వెదురుగొట్టం ఆవిరిని భప్కా అనే రెండవ పాత్రకు చేరుస్తుంది. భప్కాలో గంధపునూనె ఉంటుంది. అది నీటితొట్టిలో మునిగి ఉంటుంది. ఉష్ణమాపకం లేదు. భప్కాను చేతితో తాకి వేడి తెలుసుకొంటారు. వేడెక్కితే దేగుపై తడిగుడ్డ వేసి, భప్కాను మార్చుతారు.

పని ముగిసిన పిమ్మట రెండు పాత్రలకు రెండు విధాల పరిచర్య జరుగుతుంది. దేగును పూర్తిగా ఖాళీచేయవలె. అడుగంటిన రేకలు మరునాడు మాడితే ఆ కమురు ఆవిరితోపాటు నూనెలోనికి ప్రవేశిస్తుంది. ఆపైన దానిని విడదీయడం దుస్సాధ్యం. మూత తీసేటప్పుడు మట్టికట్టు పగులుతుంది. ప్రతి ఉదయమూ దానిని క్రొత్తగా కట్టవలె. భప్కా సంగతి వేరు. అడుగురంధ్రంనుండి నీటిని మాత్రం వదలి, నూనెను అక్కడే నిలుపుతారు. వదలిన నీటిని మరల దేగులో పోస్తారు. దినదినమూ క్రొత్తపూల వాసన పాతనూనెలో చేరుతుంది. చివరకు మిగిలిన తేమ పోవడానికి అత్తరును తోలుకుప్పెలలో నింపుతారు. తోలు నీటి చెమ్మను వెలికి విడిచి, నూనెను నిలుపుతుంది.

కన్నౌజు వర్తకులు ఈ పరికరాలను, పనివారిని గంజాంవరకు కొనిపోయి అక్కడి మొగలిపూలనుండి అత్తరు తీయించారు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు గంజాం మద్రాసు రాజధానిలో చేరి, తెలుగుదేశానికి ఇరుగుపొరుగుగా ఉండినది.

ఇటీవలి దశాబ్దాలలో గంధపుచెక్క అరుదై, దాని నూనె ధర మిన్నంటినందున, చాలచోట్ల వాసనలేని పారఫిన్ నూనె దాని స్థానాన్ని ఆక్రమించినది. 1991లో కన్నౌజులో ప్రభుత్వం సుగంధద్రవ్యాల అభివృద్ధి కేంద్రాన్ని స్థాపించినది. ఉక్కుపాత్రకు చిలుము పట్టదు. ఆవిరి బాయిలరుతో నడిచే బట్టీలో పూలు అడుగంటవు. పనివాని నడుము విరిచే శ్రమ తగ్గడం మేలే. అయితే చేతితో తాకి వేడిని, వాసన చూసి పాత్రశుద్ధిని నిర్ణయించే నేర్పు ఏ పుస్తకంలోను లేదు. తండ్రి ప్రక్కన పొయ్యివద్ద కూర్చుండిన కొడుకునకే అది సంక్రమించినది. ఆ కొడుకు మరొక పనికి పోతే, వందల ఏండ్ల విద్య ఒక తరంతో అంతరిస్తుంది. కన్నౌజు అత్తరుకు భౌగోళిక గుర్తింపు లభించినది; అది ఊరిపేరును రక్షిస్తుంది. దేగు కడిగేవాని పేరు మాత్రం సీసాపైన ఏనాడూ లేదు. ఆ పనివారు జీవించి ఉండగానే వారి నేర్పును వారి మాటలలోనే వ్రాసి భద్రపరచడం చరిత్రకారుల విధి.