క్రయోపంపు

క్రయోపంపు అనగా ఒక పాత్రలోని వాయువులను అతిశీతల లోహపు పలకలపై పట్టి ఉంచి, ఆ పాత్రలో అధిక శూన్యాన్ని కల్పించే సాధనం. శ్రీహరికోట ప్రయోగాల వార్తలలో వినబడే క్రయోజెనిక్ ఇంజను పంపు వేరు; అది ద్రవ హైడ్రోజన్‌ను, ద్రవ ఆక్సిజన్‌ను దహన గదికి చేరవేస్తుంది. క్రయోపంపు దేనినీ తోడి బయటకు పోయదు. దీని గుణదోషాలు చాలావరకు ఈ లక్షణం నుండే పుడతాయి.

పనిచేయు విధానం

చల్లని నీటి చెంబు వెలుపలి తలంపై గాలిలోని తేమ బిందువులుగా చేరుతుంది. ఇక్కడి సూత్రమూ అదే, చలువ మాత్రం ఎన్నో రెట్లు తీవ్రం. ముందుగా సాధారణ యాంత్రిక పంపుతో చాలావరకు గాలిని తీసివేస్తారు. లేకపోతే పలకలు త్వరగా మంచుతో నిండిపోతాయి. హీలియం వాయువుతో నడిచే శీతలీకరణ యంత్రం రెండు అంచెలను చల్లబరుస్తుంది. సుమారు 80 కెల్విన్ల వద్దనుండే మొదటి అంచెపై నీటి ఆవిరి గడ్డకడుతుంది. 10 నుండి 20 కెల్విన్ల వద్దనుండే రెండవ అంచెపై నత్రజని, ఆక్సిజన్, ఆర్గాన్ ఘనీభవిస్తాయి.

కొబ్బరి చిప్ప బొగ్గు

హైడ్రోజన్, హీలియం, నియాన్ ఆ చలికి కూడా తగినంతగా లొంగవు. హీలియం మరుగు స్థానమే 4.2 కెల్విన్లు. అందుచేత రెండవ అంచె పలకల లోపలి వైపున ఉత్తేజిత బొగ్గును అతికిస్తారు. దీని సూక్ష్మ రంధ్రాలలో ఈ వాయువుల అణువులు చిక్కుకుంటాయి. ఈ బొగ్గును తరచుగా కొబ్బరి చిప్పల నుండే చేస్తారు. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి తోటలకు పేరొందిన ఉద్దానం పాఠకులకు ఆ చిప్ప సుపరిచితమే. చల్లబరచిన కొబ్బరి బొగ్గుతో శూన్యాన్ని సాధించవచ్చని 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే జేమ్స్ డ్యూవర్ చూపాడు.

పునరుద్ధరణ, జాగ్రత్తలు

పట్టిన వాయువంతా పంపులోనే ఉండిపోతుంది కనుక, నిండిన పంపును ఆపి, వేడిచేసి ఖాళీ చేయాలి. విద్యుత్తు ఆగిపోయినా పలకలు వేడెక్కి వాయువులు ఒక్కసారిగా విడుదలవుతాయి. కాబట్టి పీడన విమోచన కవాటం తప్పనిసరి. పట్టుబడినది హైడ్రోజన్ అయితే పేలుడు ప్రమాదం కూడా ఉన్నది.

ఉపయోగాలు

నూనె ఆవిరి కలవని శుభ్రమైన శూన్యం లభించుట వలన చిప్‌ల తయారీలో, పలుచని పొరల పూతలో, ఉపగ్రహాలను పరీక్షించే శూన్య గదులలో దీనిని వాడతారు. భారతదేశం భాగస్వామిగా ఉన్న ఫ్రాన్సులోని ఈటర్ సంలీన రియాక్టరుకు రూపొందించిన క్రయోపంపులలో కూడా కొబ్బరి బొగ్గు పూసిన పలకలే ఉన్నాయి. వాటిని సుమారు 4.5 కెల్విన్ల వద్ద ఉంచుతారు. హైడ్రోజన్ ఐసోటోపులు ప్రమాదకర పరిమాణంలో పేరుకోకుండా, అక్కడి పంపులు వంతులవారీగా ఖాళీ అయ్యే ఏర్పాటు చేశారు.