పడిందెవరు? పడేసిందెవరు?

పెనాల్టీ కిక్కు ఎప్పటి నుంచి ఉందని మా తరగతిలో అడిగితే, ఫుట్‌బాల్ పుట్టినప్పటి నుంచే అన్నారు చాలామంది. కానీ ఇంగ్లాండ్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ వారు 1863లో నియమాలు రాసుకున్నప్పుడు అందులో పెనాల్టీ లేనే లేదు. ఆ తర్వాత 28 ఏళ్ళకు గాని అది రాలేదు. అది ఎందుకు వచ్చిందో, వచ్చాక ఏమైందో చదివితే నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

మొదట్లో ఈ ఆట ఎక్కువగా పెద్దింటి పిల్లలది. పెద్దమనిషి అన్నవాడు కావాలని తప్పు చెయ్యడని వాళ్ళ నమ్మకం. ఒక్కో జట్టు తరఫున ఒక్కో అంపైరు ఉండేవాడు. ఆటగాళ్ళు అడిగితేనే తీర్పు. ఇద్దరు అంపైర్లకూ కుదరకపోతే గీత బయట ఉన్న రిఫరీని అడిగేవారు. 1885లో డబ్బు తీసుకుని ఆడటానికి అనుమతి వచ్చింది. 1888లో లీగు మొదలైంది. ఇక గెలుపూ ఓటమీ జీతాల దాకా వచ్చాయి.

1891 ఫిబ్రవరిలో ఎఫ్.ఎ. కప్ పోటీలో నాట్స్ కౌంటీ, స్టోక్ జట్లు తలపడ్డాయి. గోల్‌లోకి పోయే బంతిని కౌంటీ ఆటగాడొకడు చేత్తో ఆపేశాడు. స్టోక్‌కు గోల్ గీత దగ్గరే ఫ్రీకిక్ ఇచ్చారు. కానీ ఎదురుగా అంతమంది అడ్డం నిలబడితే బంతి ఎటు పోతుంది? స్టోక్ 1-0తో ఓడిపోయింది. తప్పు చేసినవాడే లాభపడ్డాడన్నమాట.

దీనికి మందు అంతకుముందే ఒకాయన ఆలోచించి పెట్టాడు. ఆయన ఐర్లాండ్‌లో ఆర్మా ప్రాంతపు మిల్‌ఫర్డ్ అనే చిన్న ఊరి గోల్‌కీపరు విలియం మెక్రమ్. గోల్‌కీపరే తనకు కష్టం తెచ్చే నియమాన్ని అడగడం విచిత్రం కదా! మొదట నవ్వారు. పెద్దమనుషులు మోసం చేస్తారని నియమంలో రాయడమే మాకు అవమానం అని కొందరు కోప్పడ్డారు. చివరికి 1891 జూన్ 2న పెనాల్టీ నియమం ఆమోదం పొందింది. ఆ ఏడాదే రిఫరీ మైదానంలోకి వచ్చాడు. తీర్పు ఆటగాళ్ళ చేతుల్లోంచి ఒక్క మనిషి చేతికి పోయింది. గోల్‌కు 12 గజాల దూరంలో ఇప్పుడు మనం చూసే చుక్క, దాని చుట్టూ పెట్టెలాంటి గీతలు 1902లో వచ్చాయి.

నాకు ఇక్కడే అసలు సంగతి కనబడింది. పడగొట్టినవాణ్ణి శిక్షించడానికి పెట్టిన నియమం, పడిపోయినవాడికి బహుమానం కూడా అయింది. ఆ గీతల లోపల పడితే దాదాపు గోల్ వచ్చినట్టే. అలాంటప్పుడు ఎవరూ తోయకుండానే పడేవాళ్ళు పుట్టకుండా ఉంటారా? దీన్నే ఇప్పుడు డైవింగ్ అంటున్నారు.

1974 జూలై 7న మ్యూనిక్‌లో ప్రపంచ కప్ ఫైనల్. నెదర్లాండ్స్, పశ్చిమ జర్మనీ ఆడాయి. రిఫరీ జాక్ టేలర్, ఇంగ్లాండ్‌లో మాంసం కొట్టు నడిపేవాడు. జర్మన్లు బంతిని తాకకముందే క్రైఫ్‌ను పడగొట్టారని డచ్చివాళ్ళకు పెనాల్టీ ఇచ్చాడు. ప్రపంచ కప్ ఫైనల్లో అదే మొదటి పెనాల్టీ. 25వ నిమిషంలో హోల్‌జెన్‌బైన్ పడిపోతే జర్మన్లకూ ఇచ్చాడు. జర్మనీ 2-1తో గెలిచింది. రెండోది నటన అని డచ్చివాళ్ళ బాధ. జర్మన్ భాషలో ష్వాల్బే అంటే వానకోయిల. పిట్టలా గాలిలో ఎగిరి పడేవాణ్ణి కూడా అలాగే అంటారు. ఆ మాట డచ్చి భాషలోకీ వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

కానీ 2014లో ఏం జరిగిందో చూడండి. బ్రెజిల్‌లో మెక్సికోతో ఆట, స్కోరు 1-1, అదనపు సమయం నడుస్తోంది. డచ్చి ఆటగాడు రాబెన్ పడ్డాడు, పెనాల్టీ వచ్చింది, నెదర్లాండ్స్ గెలిచింది. అది పెనాల్టీ కాదని ఈసారి మెక్సికో అంతా గోల పెట్టింది. ఆ పెనాల్టీ న్యాయమైనదేనని, అయితే మొదటి సగంలో ఒకసారి మాత్రం కావాలనే పడ్డానని రాబెన్ ఒప్పుకున్నాడు. అంటే ఇది ఏ ఒక్క దేశం గుణమూ కాదు. మనవాడు పడితే ఫౌల్, అవతలివాడు పడితే నటన!

దీన్ని ఆపడానికి 1999లో నియమాల్లో స్పష్టంగా రాశారు: రిఫరీని మోసం చెయ్యడానికి నటిస్తే పసుపు కార్డు. 2018 ప్రపంచ కప్‌లో వీడియో సాయం వచ్చింది. కోస్టారికాతో ఆటలో నెయ్‌మార్ పడితే డచ్చి రిఫరీ కైపర్స్ మొదట పెనాల్టీ ఇచ్చి, తెర చూసి వెనక్కి తీసుకున్నాడు. చిత్రమేమిటంటే, ఆ కప్‌లోనే 29 పెనాల్టీలు వచ్చాయి. అంతకుముందు ఏ కప్‌లోనూ అన్ని లేవు. కెమెరా నటనను పట్టుకుంది, రిఫరీ కంటికి ఆనని తప్పులనూ పట్టుకుంది.

మరి కెమెరా లేని మైదానాల సంగతి? మన బడి మైదానంలో పై తరగతి అన్న ఎవరైనా ఈల పట్టుకుంటే ఆయనే రిఫరీ. ఒకసారి ఏడో తరగతి తమ్ముడు నిజంగానే కాలు మడతపడి పడిపోయాడు. అవతలి జట్టువాళ్ళు “నటన! నటన!” అని అరిచారు. చీలమండ వాచి లేవలేకపోయాక గాని ఎవరూ దగ్గరికి రాలేదు. ‘నాన్నా, పులి!’ కథ మనందరికీ తెలుసు. ఆ కథలో అబద్ధం చెప్పినవాడే నష్టపోయాడు. ఆటలో అలా కాదు. నటించేది ఒకడు, నమ్మకం పోగొట్టుకునేది నిజంగా దెబ్బ తగిలినవాడు.

1997 మార్చిలో ఆర్సెనల్‌తో ఆటలో లివర్‌పూల్ ఆటగాడు రాబీ ఫౌలర్ గోల్ ముందు పడ్డాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చాడు. ఫౌలర్ లేచి, గోల్‌కీపరు నన్ను తాకలేదు, వద్దు అని చేతులు ఊపాడు. రిఫరీ వినలేదు. ఫౌలర్ కొట్టిన బంతిని గోల్‌కీపరు ఆపాడు, తిరిగొచ్చిన బంతిని ఇంకొకడు గోల్ చేశాడు. ఫలితం మారలేదు గాని నిజం చెప్పిన మాట మిగిలింది.

కబడ్డీలో కూతకు వెళ్ళినవాడికి తనను ఎవరైనా తాకారో లేదో అందరికంటే ముందు తెలుస్తుంది. ఫుట్‌బాల్‌లో పడినవాడికీ అంతే. నూట ముప్పై ఏళ్ళుగా అంపైరు, రిఫరీ, కార్డు, కెమెరా అని ఒకదాని తర్వాత ఒకటి తెచ్చారు. వాళ్ళందరూ వెతికే జవాబు పడినవాడి దగ్గర మొదటి క్షణంలోనే ఉంది. వచ్చే నెల తరగతుల మధ్య పోటీలు ఉన్నాయి. పడినవాణ్ణి “తగిలిందా?” అని ముందు అడుగుదాం, వాడు చెప్పింది నమ్ముదాం అని మా జట్టులో అనుకున్నాం. మీ జట్టులో కూడా ఒకసారి మాట్లాడుకోండి.